తెర మీద ఆదివారం

మా కాలేజీలో బంద్‌కి బదులు ఆదివారం ఇవ్వాలి. ఎవరూ కాగితం మీద రాసి పెట్టలేదు గానీ, అది అందరికీ తెలిసిన రివాజు. తెలంగాణ ఉద్యమం రోజులవి. ఎల్బీనగర్ చౌరస్తాలో టైర్లు కాలిన రోజున, దిల్‌సుఖ్‌నగర్ డిపోలోంచి ఒక్క బస్సూ బయటికి రాని రోజున మా గేటుకి కూడా తాళం పడేది. హమ్మయ్య అనుకునేలోపే ఫోన్‌కి మెసేజ్ వచ్చేది, ఆదివారం పొద్దున్నే స్టాఫంతా రావాలని. పిల్లలకు పరీక్షలు, మాకు కాపలా, ఆ తర్వాత పేపర్లు దిద్దుకోవడం. ఉద్యమం ఎంత ఊపందుకుంటే మా ఆదివారాలు అంత కరిగిపోయేవి. రాష్ట్రం వస్తుందో రాదో గానీ ఆదివారం మాత్రం ఇక రాదని స్టాఫ్‌రూంలో జోకులు వేసుకునేవాళ్ళం. ఎవరికీ నవ్వొచ్చేది కాదు.

నేను ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్పేదాన్ని. నల్లగొండ జిల్లా పల్లె నుంచి వచ్చినదాన్ని. పెళ్ళి చేసుకోలేదు, ఎందుకు చేసుకోలేదని ఎవరడిగినా నాకు ఒళ్ళు మండేది. ఎల్బీనగర్‌లో ఒక ఇంటి మీది అంతస్తులో రెండు గదుల పోర్షన్‌లో కిరాయికి ఉండేదాన్ని. నాతో కలిసి ఉండే మనిషి మా కాలేజీలోనే ఇంగ్లీషు మేడం. ఆమెది విజయవాడ పక్క ఊరు. ఆమెకూ పెళ్ళి కాలేదు. కాకపోతే ఆమె ఆ ప్రశ్నకు నవ్వేసి ఊరుకునేది. అంతే తేడా. ఆమె నన్ను నల్లగొండా అని పిలిచేది, నేను ఆమెను బెజవాడా అని పిలిచేదాన్ని. కాలేజీలో మేడం మేడం అని గౌరవంగా పిలుచుకుని, ఇంటికొచ్చి చెప్పులు విప్పగానే జిల్లాల పేర్లతో తిట్టుకునేవాళ్ళం.

మా ఇద్దరికీ ఆదివారమంటే సినిమా. అది కూడా ఏ సినిమా పడితే అది కాదు. ఉన్నవాడి మీద లేనివాడు తిరగబడే సినిమా కావాలి. తెల్ల చొక్కా వేసుకుని భూములు మింగేవాడు, ఫ్యాక్టరీ మురుగుని ఏట్లోకి వదిలేవాడు, జీతం అడిగినవాడిని లారీతో తొక్కించేవాడు, వాడెవడైనా సరే ఇంటర్వెల్ లోపు హీరో చేతిలో ఒక చెంపదెబ్బ తినాలి. అప్పుడు బెజవాడ రెండు వేళ్ళు నోట్లో పెట్టుకుని ఈల వేసేది. ఇంగ్లీషు పాఠం అంత నాజూకుగా చెప్పే మనిషి, వెనక వరసల మగపిల్లలు సైతం తిరిగి చూసేంత ఈల. నేను ఏడ్చేదాన్ని. విలన్ దెబ్బలు తింటుంటే ఏడుపేమిటే అని అడిగేది. ఏమో, నాకు కోపం ఎక్కువైతే కళ్ళ నుంచే కారుతుంది.

అలాగని మేం పిచ్చివాళ్ళమేం కాదు. హీరోగారి చొక్కాకి ఉన్న చిరుగు దర్జీ కొలత పెట్టి చింపినట్టు ఉంటుందని మాకూ కనపడేది. తెర మీద పేదవాళ్ళ కోసం నెత్తురు కక్కుకున్న ఆ హీరోగారే ఇంటర్వెల్‌లో నగల దుకాణం ప్రకటనలో మెరిసేవాడు. మా ఇంటి ఓనరమ్మ సంగతి ఇంకా బాగుండేది. సాయంత్రం సీరియల్‌లో మిల్లు కార్మికుల గుడిసెలకు కరెంటు తీసేసిన కోడలిని నోటికొచ్చినట్టు తిట్టి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, లేచి వెళ్ళి మా పోర్షన్‌కి వచ్చే నీళ్ళ మోటారు కట్టేసేది. పై నుంచి మేం అరిస్తే, "జర ఆగుండ్రమ్మా, సీరియల్ అయిపోనియ్యిండ్రి" అనేది. బెజవాడ బక్కెట్టు పట్టుకుని మెట్ల మీదే కూలబడి నవ్వేది. అంతా తెలిసినా మేం మళ్ళీ వెళ్ళేవాళ్ళం. చీకట్లో అంతమంది ఒకేసారి ఒకడి మీద కోపం తెచ్చుకోవడం మాకు బాగుండేది. బయట ఆ కోపానికి చోటెక్కడుంది?

ఉద్యమం ముదిరాక బెజవాడ మాట తగ్గించేసింది. ఇంట్లో కాదు, రోడ్డు మీద. షేర్ ఆటోలో ఎదురెదురుగా మోకాళ్ళు తగిలేలా కూర్చున్నప్పుడు ఆమె నోరు తెరిచేది కాదు. "చైతన్యపురిలో ఆపండి" అంటే చాలు, ఏ వైపు మనిషో తెలిసిపోతుంది. నిజానికి ఆమెను ఎవరూ ఏమీ అనలేదు. మా గల్లీలో ఆమెకి బతుకమ్మ నాడు సత్తుపిండి పంపని ఇల్లు లేదు. కానీ భయం అనేది ఎవరో అంటేనే పుట్టేది కాదు గదా. అందుకని ఆటోలో నేనే మాట్లాడేదాన్ని. కూరగాయల దగ్గర నేనే బేరం చేసేదాన్ని. కొత్తపేటలో మామిడిపండ్లు ముక్కు దగ్గర పెట్టుకుని ఆమె కళ్ళతో సైగ చేస్తే, నేను బండాయనతో, "ఏందన్నా, పండ్లకు ఇంత చెప్తున్నవ్, బంగారం పూసినవా?" అని గొడవ పెట్టుకునేదాన్ని. ఇంటికొచ్చాక ఆమె గొంతు సవరించుకుని, "అబ్బ, పొద్దుటి నుంచి మాట్లాడక నాలుక తిమ్మిరెక్కిందే" అని మొదలుపెడితే ఇక ఆగేది కాదు. జై తెలంగాణ అని నేను ఊరేగింపులో అరిచి వచ్చిన సాయంత్రాల్లో ఉప్పు వేసిన వేణ్ణీళ్ళు ఆమే ఇచ్చేది, పుక్కిలించమని.

మా చైర్మన్‌గారు మా జిల్లా మనిషే. మనోడు, మనోడు అని స్టాఫ్‌లో మావాళ్ళు మురిసిపోయేవాళ్ళు. అద్దాలు పగలకుండా గేటు నిండా జై తెలంగాణ అని ఫ్లెక్సీ కట్టించాడు. దాని చాటునే ఆదివారం పొద్దున సెక్యూరిటీ మాతో రిజిస్టరులో సంతకం పెట్టించుకునేవాడు. అటువైపు జిల్లాల్లో ఉన్న బ్రాంచీల గేట్లకు ఏ ఫ్లెక్సీ కట్టాడో నేను చూడలేదు.

ఆ ఎండాకాలం, కాలేజీకి సెలవులిచ్చిన కొద్ది రోజుల్లో, ఒక సినిమా వాళ్ళు మా బిల్డింగుని షూటింగ్‌కి తీసుకున్నారు. కథ ఏమిటంటే, పిల్లల ప్రాణాలతో, మేష్టర్ల ప్రాణాలతో వ్యాపారం చేసే ఒక కార్పొరేట్ కాలేజీ యజమాని ఉంటాడు. హీరో అందులో అటెండరుగా చేరి వాడి గుట్టు రట్టు చేస్తాడు. ఆ కథకు మా కాలేజీని ఇచ్చింది మా చైర్మనే. ఈ మాట విన్నప్పుడు నేనూ బెజవాడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా బోర్డు మీద వేరే పేరు అతికించారు. మా చైర్మన్ కుర్చీలోనే విలన్ కూర్చున్నాడు. మా చైర్మన్ బయట గొడుగు కింద, దర్శకుడి పక్కన, కొబ్బరిబోండాం తాగుతూ కూర్చున్నాడు.

స్టాఫంతా గుంపులో నిలబడాలని మాకు ఆర్డరు వచ్చింది. కొందరు తల్లిదండ్రులుగా, కొందరు లెక్చరర్లుగా. మమ్మల్ని లెక్చరర్లుగా పెట్టారు. బట్టల సంగతి చూసే అతను మమ్మల్ని కిందికీ పైకీ చూసి, "మీరు లెక్చరర్లలాగా లేరండీ" అన్నాడు. నాకు ఎక్కడ లేని మంట. "మరి ఎవరి లెక్క ఉన్నమయ్యా?" అన్నాను. బెజవాడ నా మోచెయ్యి గిల్లింది. చివరికి మాకు అద్దాల్లో పవర్ లేని కళ్ళజోళ్ళు పెట్టారు.

టీ ఇచ్చినప్పుడు అసిస్టెంట్ డైరెక్టరు ఒకతను మా దగ్గరికొచ్చి కూర్చున్నాడు. నిద్రలేని కళ్ళు, పలచని గడ్డం. మీ కష్టాలేంటి మేడం, కొంచెం చెప్పండి, సీన్‌కి పనికొస్తుంది అన్నాడు. నన్ను అడిగితే ఊరుకుంటానా? బంద్‌కి బదులు ఆదివారం సంగతి చెప్పాను. జ్వరమొచ్చినా పరీక్షకు కాపలా కాయడం, మూడు పూటలూ నిలబడి కాళ్ళ నరాలు ఉబ్బడం, అన్నీ చెప్పాను. చివరికి, "ఆదివారం గూడ మాది కాకుంటే, ఇంగ మాదనేది ఏమున్నది తమ్మీ?" అన్నాను. అతను తాగుతున్న టీ ఆపి, మళ్ళీ ఒకసారి చెప్పండి అన్నాడు. చెప్పాను. లేచి పరుగున దర్శకుడి దగ్గరికి పోయాడు.

అలా నా మాట సినిమాలోకి వెళ్ళింది. నాతోనే చెప్పిస్తామన్నారు. మేష్టర్లంతా యజమాని గదిలోకి దూసుకొస్తారు, నేను ముందు నిలబడి ఆ ఒక్క మాట అంటాను, తమ్మీ బదులు సార్ అని. విలన్ వేషం వేసినాయన పెద్దమనిషి, "కంగారేం లేదమ్మా, నన్ను నిజంగానే తిట్టుకో" అన్నాడు. మొదటిసారి మాట తడబడ్డాను. రెండోసారి ఆయన భుజం మీదుగా కిటికీ బయటికి చూశాను. గొడుగు కింద మా చైర్మన్. ఆయన్నే చూస్తూ అనేశాను. ఎన్ని ఆదివారాల కోపమో అందులో ఉంది. వెనక మా స్టాఫంతా పిడికిళ్ళెత్తి అరిచారు. స్టాఫ్‌రూంలో పెన్ను మూత తీయడానికి చప్పుడు కాకుండా చూసుకునే మనుషులు, గోడలు అదిరేలా అరిచారు.

"ఓకే. ఎమోషన్ అదిరిందమ్మా. యాస సంగతి డబ్బింగ్‌లో చూసుకుందాం" అన్నాడు దర్శకుడు. నాకు అదిరింది అన్న ముక్క ఒక్కటే చెవికెక్కింది. బెజవాడ ఈల వేసింది. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది ఎవరో తెలుసా? మా చైర్మన్. లేచి నిలబడి, దర్శకుడితో, "మా మేడమే. మా జిల్లా" అని గర్వంగా చెప్పుకున్నాడు. నన్ను మెచ్చుకుంటుంటే నాకు తలెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తిట్టినా బాగుండేది.

కాలేజీ తెరిచారు, బంద్‌లు మొదలయ్యాయి, ఆదివారాలు మళ్ళీ పోయాయి. ఈసారి నేనూ బెజవాడా ఇద్దరం కలిసి ప్రిన్సిపాల్ గదికి వెళ్ళాం. నెలకు ఒక్క ఆదివారం వదిలేయమని అడిగాం. పిడికిళ్ళెత్తిన మిగతా స్టాఫ్‌ని రమ్మంటే, షుగరు మాత్ర వేసుకోవాలని ఒకరు, పిల్లాడిని స్కూల్ నుంచి తేవాలని ఒకరు జారుకున్నారు. వాళ్ళ మీద నాకు కోపం రాలేదని చెప్పను. చాలా వచ్చింది. ప్రిన్సిపాల్ పైకి చెప్తానన్నాడు. పై నుంచి జవాబు వేరేగా వచ్చింది. ఇంగ్లీషు మేడంని విజయవాడ బ్రాంచికి ట్రాన్స్‌ఫర్ చేశారు. కారణం ఏమిటంటే, గొడవల టైము గదా, ఆంధ్రా మేడం ఇక్కడ ఉండటం సేఫ్టీ కాదట.

ఆ సాయంత్రం బెజవాడ బియ్యం కడిగింది. ఇంట్లోవాళ్ళు ఎప్పటి నుంచో వచ్చెయ్ వచ్చెయ్ అంటున్నారు, వెళ్తాలే అంది. "నువ్వు పోవాలనుకుంటే పో. ఆళ్ళు పంపితే పోకు" అన్నాను. ఆమె కుక్కర్ మూత పెట్టి, "నాకు వెళ్ళాలని లేదే" అంది. మరి ఉద్యోగం మానేస్తే ఆ ఇంటికి ఏం పంపిస్తుంది? తండ్రి లేడు, తల్లీ అన్నావదినా ఈమె మీద సగం ఆధారం. నాకున్నది ఆమె ఒక్కతే. ఊళ్ళో మా అన్నదమ్ములకు నేను పండగకి వచ్చే చుట్టాన్ని. ఈ ఊళ్ళో నేను అన్నం తిన్నానో లేదో అడిగే మనిషి ఇంకెవరూ లేరు. ఈ మాట ఆమెకు చెప్పలేదు, మర్నాడు చైర్మన్‌కి చెప్పడానికి వెళ్ళాను.

ఆయన గదిలో గోడకు కొత్త ఫోటో ఉంది, షూటింగ్‌లో హీరో భుజం మీద చెయ్యి వేసి నిలబడ్డది. కూర్చోమన్నాడు. నేను నిలబడే, "సార్, ఇంగ్లీష్ మేడంను పంపియ్యకుండ్రి" అన్నాను.

"ఏందమ్మా, మీకెందుకు పరేషాన్? ఆమె మంచికే గదా. రేపు ఎవడన్న ఏమన్న అంటే ఎవరికి మాట?"

"ఇన్నేండ్ల సంది మా గల్లీల ఉన్నది సార్. ఎవ్వరు ఒక్క మాట అనలే. ఆదివారం అడిగినందుకు పంపుతున్నరు. గా ముచ్చట చెప్పుండ్రి, ఇని పోతా."

ఆయన నవ్వాడు. "మీరు మన జిల్లా మనిషి. ఆమె తరఫున మీరు మాట్లాడుడేంది?"

అప్పుడు నా గొంతు లేచింది. ఏ జిల్లా సార్, ఎవరి జిల్లా అన్నాను. జిల్లా నా అన్నం వండి పెట్టిందా, జ్వరమొస్తే తడిగుడ్డ వేసిందా అన్నాను. "ఆదివారం గూడ మాది కాకుంటే ఇంగ మాదనేది ఏమున్నది సార్? ఉన్న ఒక్క మనిషిని గూడ తీస్కపోతరా?" అన్నాను. సినిమా నాకు గుర్తే లేదు. నా కడుపులోంచి వచ్చిన మాట అది, మొదట టీ దగ్గర వచ్చింది కూడా అక్కడి నుంచే.

ఆయన కుర్చీలో వెనక్కి వాలి చప్పట్లు కొట్టాడు. పక్క గదిలో ఉన్న మేనేజర్ని పిలిచాడు. "ఇటు రావయ్యా, మేడం డైలాగ్ మళ్ళ చెప్తున్నది." అతను తలుపు దగ్గరికొచ్చి నవ్వుతూ నిలబడ్డాడు. "షూటింగ్‌ల కన్న ఇప్పుడే మంచిగ చెప్పినవమ్మా. గీ చివరి ముక్క అప్పుడు లేకుండె గదా? అది గూడ పెడితే ఇంగ మస్తుండె" అన్నాడు చైర్మన్. వాళ్ళ నవ్వులో ఎగతాళి లేదు. అదే నన్ను చంపేసింది. నిజంగా మెచ్చుకున్నారు. టీ తెప్పించారు. ఆ టీ తాగానో లేదో నాకు ఇప్పటికీ గుర్తు రాదు. బయటికొచ్చి రోడ్డు మీద నిలబడితే అర్థమైంది, నా మాటను ఆయన కొనుక్కున్నాడని. ఇక నేను ఎంత గొంతు చించుకున్నా ఆయనకు అది సినిమానే.

బెజవాడ వెళ్ళిపోయే రోజు ఎల్బీనగర్‌లో విజయవాడ బస్సులు ఆగే చోట నిలబడ్డాం. ఆమె చేతిలో రెండు సంచులు, నా చేతిలో ఒక పెట్టె. చుట్టూ జనం, ఆమె మాట్లాడదు. కండక్టరు, "ఎక్కాలమ్మా, ఎక్కాలి" అని తొందరపెడుతుంటే నేనే, "జర ఆగన్నా, సామాన్లు పెట్టనియ్యి" అన్నాను. ఆమె మెట్టెక్కి వెనక్కి తిరిగి, అంతమందిలో, గట్టిగానే, "వేళకి తిను. కోపమొస్తే నీళ్ళు తాగు. వింటున్నావా?" అంది. ఎవరూ తిరిగి కూడా చూడలేదు. బస్సు కదిలాక నేను అది పోయిన హయత్‌నగర్ వైపు చూస్తూ చాలాసేపు అక్కడే ఉన్నాను.

ఆ తర్వాతి నెలల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఒక్కదానికి కుక్కర్ పెట్టబుద్ధి కాదు, పెరుగన్నం తినేదాన్ని. సాయంత్రం ఓనరమ్మ పిలిస్తే కిందికి వెళ్ళి సీరియల్ చూసేదాన్ని. ఆమె సీరియల్ కోడలిని తిట్టేది, నేను ఊ కొట్టేదాన్ని. మోటారు మాత్రం ఇప్పుడు కట్టేయడం మానేసింది. ఒక్క బక్కెట్టుతో గడిచే మనిషికి కట్టేసినా ఒకటే, కట్టేయకపోయినా ఒకటే. బెజవాడ మొదట రోజూ ఫోన్ చేసేది, తర్వాత వారానికి, తర్వాత ఎప్పుడైనా. అక్కడ ఆమెకు మాటలకు కొదవ లేదు. తల్లి, వదిన, వదిన పిల్లలు. ఫోన్‌లో వెనక నుంచి నవ్వులు వినిపించేవి. నాకు అసూయగా ఉండేది, దాచుకోవడం దేనికి.

నేను ఒక్కటే కోరుకున్నాను. ఆ సినిమా రావాలి. చైర్మన్ గదిలో నవ్వులపాలైన మాట తెర మీద నలుగురి చెవిన పడాలి. ఇంకొకటి కూడా ఉంది. అప్పటిదాకా సినిమాల్లో మా మాట మాట్లాడేది రౌడీ వెనక తిరిగేవాడు, లేకపోతే నవ్వించేవాడు. కళ్ళజోడు పెట్టుకున్న ఒక లెక్చరమ్మ మా మాటలో, కోపంగా, న్యాయం అడగడం నేనెప్పుడూ చూడలేదు. అది నేనే కాబోతున్నానని లోలోపల ఎంత పొంగిపోయేదాన్నో. రాత్రి గిన్నెలు కడుగుతూ ఆ మాట అనుకునేదాన్ని.

సినిమా విడుదలైంది. బెజవాడకు ఫోన్ చేసి, ఆదివారం ఇద్దరం ఒకే ఆట చూద్దాం, నువ్వక్కడ, నేనిక్కడ అన్నాను. ఆమె కేరింత కొట్టింది. ఆ ఆదివారం కాలేజీలో పరీక్ష ఉంది. నేను వెళ్ళలేదు. చెప్పలేదు, సెలవు అడగలేదు, ఫోన్ సైలెంట్‌లో పెట్టి ఇస్త్రీ చీర కట్టుకుని దిల్‌సుఖ్‌నగర్‌లో హాలుకి పోయాను. మ్యాట్నీ. పక్క సీట్లో ఒక కుటుంబం, వాళ్ళ మధ్యలో పాప్‌కార్న్.

నా సీన్ వచ్చింది. తలుపు తోసుకుని గుంపు లోపలికొచ్చింది. ముందు నేను, పవర్ లేని కళ్ళజోడుతో. నా మొహం అంత పెద్దగా ఉంటుందని తెలియదు. నోరు తెరిచాను. లోపలి నుంచి ఎవరిదో గొంతు వచ్చింది. "ఆదివారం కూడా మాది కాకపోతే, ఇంకా మాదంటూ ఏముంది సార్?" సన్నటి, తియ్యటి గొంతు. ఏడుపు కూడా పద్ధతిగా ఉంది. నా పెదాలు ఒకలా కదులుతున్నాయి, మాట ఇంకోలా వినిపిస్తోంది. హాలంతా ఒక్కసారి ఈలలు, చప్పట్లు. పక్క సీటాయన, ఏ ఆఫీసులో ఆదివారాలు పోగొట్టుకుంటున్నాడో, లేచి నిలబడి కొట్టాడు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. ఆయన నన్ను చూశాడు, తెరను చూశాడు, పోల్చుకోలేదు. చివర్లో హీరో ఆ యజమానిని గేటు దాకా కొట్టుకుంటూ తీసుకొచ్చాడు. మేష్టర్లకు సెలవులు, పిల్లలకు ఆటస్థలం, అన్నీ వచ్చాయి. జనం సంతోషంగా లేచి బండ్ల కోసం తోసుకున్నారు.

బయట స్టాండు పక్కన గోడకు ఆనుకుని ఫోన్ తీశాను. కాలేజీ వాళ్ళ మిస్డ్ కాల్స్ నిండి ఉన్నాయి. వాటి మధ్యలోనే బెజవాడ ఫోన్ వచ్చింది. "చూశామే, చూశాం. నువ్వు రాగానే ఈల వేశా, మా వదిన నా నోరు మూసింది. అమ్మకి చూపించా, అదిగో నా ఫ్రెండ్ అని" అంది.

"గొంతు?" అన్నాను.

"నీది కాదు. వినగానే తెలిసింది."

"మరి మీ అమ్మకు చెప్పినవా?"

"తెలంగాణ పిల్లన్నావు, ఎంత చక్కగా మాట్లాడిందే అని మురిసిపోయింది. అవునన్నాను. పోన్లే నల్లగొండా, ఎవరి గొంతైతే ఏంటి, మొహం నీదేగా. జనం చప్పట్లు కొట్టారుగా."

ఆటోలో నా పక్కన నోరు మూసుకుని కూర్చున్న మనిషి, గొంతు లేకపోవడం ఎలా ఉంటుందో నాకంటే ఎక్కువ తెలిసిన మనిషి, అవునన్నాను అంది. నాకు ఆమెను తిట్టాలనిపించింది. అంత ఏడుపూ వచ్చింది. చైర్మన్ నవ్వినప్పుడు కూడా ఇంత ఒంటరిగా అనిపించలేదు.

"మీ అమ్మకు ఫోన్ ఇయ్యి" అన్నాను.

"ఎందుకే ఇప్పుడు?"

"ఇయ్యమంటున్న గదా."

కాసేపటికి పెద్దావిడ గొంతు వినిపించింది. "ఎవరమ్మా?"

"నేనే అమ్మా. గా సినిమాల ఆదివారం అడిగినదాన్ని."

"అయ్యో, నువ్వా తల్లీ. ఎంత బాగా చెప్పావమ్మా. కానీ అందులో గొంతు ఇలా లేదే?"

"గా గొంతు నాది కాదమ్మా. గిదే నాది. ఒక్కసారి ఇంటవా?"

చెప్పమంది. రోడ్డు మీద సిటీ బస్సులు హారన్లు కొడుతున్నాయి, షేర్ ఆటోవాళ్ళు ఎల్బీనగర్, ఎల్బీనగర్ అని అరుస్తున్నారు. నేను గోడవైపు తిరిగి, ఒక చెవి మూసుకుని, గట్టిగా అన్నాను. ఆదివారం గూడ మాది కాకుంటే, ఇంగ మాదనేది ఏమున్నది సార్, ఉన్న ఒక్క మనిషిని గూడ తీస్కపోతరా. మొత్తం అన్నాను.

పెద్దావిడ మెల్లగా, "ఆ చివరి మాట సినిమాలో లేదమ్మా" అంది. లేదన్నాను. ఆ మనిషి ఎవరో ఆమె అడగలేదు. పక్కన కూతురు ఉంది గదా, అడగక్కర్లేకపోయింది. "మరి సినిమాలో ఆఖరికి ఆదివారం ఇచ్చారుగా. మీకిచ్చారా?"

"ఇయ్యలేదమ్మా. ఇయ్యాల నేనే తీసుకున్న."

"మంచి పని చేశావు" అంది. "ఒక్కదానివే వెళ్ళావా తల్లీ సినిమాకి?" అని అడిగింది.

"అవునమ్మా" అన్నాను. "ఒక్కదాన్నే."